వానలకు ముందే మా గోడలు చూడండి

గౌరవనీయులైన దక్షిణ అండమాన్ జిల్లా డిప్యూటీ కమిషనర్ గారికి,
శ్రీ విజయపురంలో అద్దెకుంటున్న తెలుగు కుటుంబాలు సమర్పించుకుంటున్న వినతిపత్రం.

విషయం: అద్దె ఇళ్లలో చెమ్మ, బూజు, మరమ్మతుల బాధ్యత, గడువు.

ఆర్యా,

2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో వందకు సుమారు 13 మంది మాతృభాష తెలుగు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి చేపల వేటకూ కూలి పనులకూ వచ్చి జంగ్లీఘాట్ లాంటి పేటల్లో స్థిరపడినవాళ్లం, వాళ్ల పిల్లలం. మాలో చాలామందికి సొంత జాగా లేదు. ఇక్కడ మే నెలలో పట్టిన వాన, నైరుతి పోయి ఈశాన్యం వచ్చినా డిసెంబరు దాకా వదలదు. ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్లు కురుస్తుంది. ఆ నెలల్లో మా గోడలు నడుమెత్తు దాకా తడిసి పెచ్చులూడతాయి. బీరువా వెనకా, మంచం తలవైపూ నల్లబూజు పడుతుంది. పరుపులు, పిల్లల పుస్తకాలు, బియ్యం అన్నీ ముక్కిపోతాయి.

చెబితే ఓనర్ల నుంచి వచ్చే జవాబు ఒక్కటే: మీరు కిటికీలు తెరవరు, ఇంట్లోనే బట్టలారేస్తారు, డ్రమ్ముల్లో నీళ్లు నింపుతారు. ఇందులో కొంత నిజముంది. వంట ఆవిరి, తడిబట్టల తేమ బయటికి పోకపోతే గోడలకు చెమట పడుతుంది. కానీ నెలల తరబడి ఎండ మొహం చూడని చోట బట్టలు ఇంకెక్కడ ఆరేయాలి? ఎండాకాలంలో ధనిఖారి డ్యాం నీళ్లు రోజూ రానప్పుడు పట్టి ఉంచుకోక ఏం చేయాలి? పైగా నేలలోంచి పైకెక్కే చెమ్మ కిటికీ తెరిస్తే పోదు. పునాది మీద చెమ్మను ఆపే పొర వేయకుండా లేపిన గోడ, ఉప్పు కడగని సముద్రపు ఇసుకతో చేసిన పూత, మేకుల దగ్గర కారే రేకులు, గోడలో పగిలిన పైపు, ఇవేవీ మా అలవాట్ల వల్ల వచ్చినవి కావు. ఉప్పున్న గోడ గాలిలోని తేమను కూడా లాక్కుంటుంది. దాని మీద ఎంత డిస్టెంపరు వేసినా ఊడిపోతుంది.

చెమ్మ, బూజు ఉన్న ఇళ్లలో ఉబ్బసం, శ్వాస ఇబ్బందులు ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లోనే చెప్పింది. ఇంగ్లండులోని రోచ్‌డేల్‌లో అద్దె ఇంటి బూజు వల్ల 2020 డిసెంబరులో అవాబ్ ఇషాక్ అనే రెండేళ్ల బాబు చనిపోయాడు. గడువులోగా బూజు బాగుచేయించే చట్టం అక్కడ ఆ బాబు పేరుతోనే వచ్చింది. ఆ వయసు పిల్లలు మా ఇళ్లలోనూ ఉన్నారు.

ఈ దీవులకు 2023లో అద్దె రెగ్యులేషన్ జారీ అయింది. అంతకుముందు కేంద్రం తెచ్చిన 2021 నమూనా అద్దె చట్టం నిర్మాణ మరమ్మతులు, సున్నాలు, పైపుల పని ఓనరు బాధ్యతగా పెట్టింది. ఓనరు చేయకపోతే అద్దెకున్నవారు చేయించుకుని, ఏ నెలలోనూ అద్దెలో సగానికి మించకుండా మినహాయించుకోవచ్చంది. కాగితం మీద ఒప్పందమే లేని మాకు ఇవి అడిగే ధైర్యం లేదు. అడిగితే ఇల్లు ఖాళీ చేయమంటారు.

మా కోరికల్లో అన్నిటికన్నా ముఖ్యమైనది సమయం. తడిగోడ మీద పూత నిలవదు, ఇక్కడ గోడ ఆరేది జనవరి నుంచి ఏప్రిల్ దాకానే. ఆ నెలల్లోనే ఫిర్యాదు ఇచ్చిన ప్రతి ఇంటికీ ఇంజినీరును పంపి, చెమ్మ ఎక్కడి నుంచి వస్తోందో రాయించి, ఓనరుకూ మాకూ చెరో ప్రతి ఇప్పించండి. మే 15 లోగా పని పూర్తి చేయించండి. జులైలో ఇచ్చే నోటీసుతో మాకు ఒరిగేదేమీ ఉండదు.

వానల్లో కప్పు కారితే ఏడు రోజుల్లో, పసిపిల్లలో ఉబ్బసం ఉన్నవాళ్లో ఉంటే మూడు రోజుల్లో మనిషి వచ్చి చూడాలి. ఫిర్యాదు చేసినందుకు ఏడాదిపాటు ఖాళీ చేయించకూడదు, అద్దె పెంచకూడదు. చెమ్మకు పాడైన గోడ పేరు చెప్పి అడ్వాన్సులో కోత పెట్టకూడదు.

ఓనర్లంతా కలిగినవాళ్లు కారు. ఒక గదిలో తాముండి, పక్కగది అద్దెతో బతికే ముసలివాళ్లు మా వీధుల్లోనే ఉన్నారు. వాళ్లకు తక్కువ వడ్డీకి అప్పు, ప్రజాపనుల శాఖ ఇంజినీర్ల ఉచిత సలహా ఇప్పించండి. కొత్త ఇళ్లకు అనుమతిచ్చేటప్పుడు పునాది పొర, ఇసుక, వంటింట్లో గాలి ఆడే దారి చూడాలని మున్సిపల్ కౌన్సిల్‌కు చెప్పండి.

ఒప్పందం నమూనా తెలుగు, తమిళం, బెంగాలీ, హిందీల్లో అచ్చువేయించండి. కిటికీలు తెరవడం, బీరువాను గోడకు జానెడు దూరం జరపడం, బూజు కనబడగానే తుడవడం, డ్రమ్ములకు మూతలు పెట్టడం మా వంతుగా అందులో రాయించండి. సంతకం పెడతాం.

తనిఖీలు ఏ తేదీన మొదలవుతాయో రాతపూర్వకంగా తెలియజేయవలసిందిగా కోరుతున్నాం.

ఇట్లు,
శ్రీ విజయపురంలో అద్దెకుంటున్న తెలుగు కుటుంబాల వారు