గోదావరి తీరాన విహారయాత్ర: ప్రణాళికకు నదీ ప్రవాహమే ప్రాతిపదిక

గోదావరి ఎడమ గట్టున వెలసిన రాజమహేంద్రవరం రాష్ట్ర పర్యాటక రంగంలో విశిష్ట స్థానం కలిగిన నగరం. 2015లో ప్రాచీన నామాన్ని తిరిగి పొందిన ఈ నగరం, 2022 ఏప్రిల్‌లో జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణతో తూర్పు గోదావరి జిల్లా కేంద్రమైంది. రైలు, రోడ్డు, విమాన మార్గాలు మూడూ అందుబాటులో ఉన్నందున రెండు మూడు రోజుల విడిదికి ఇది అనువైన ప్రదేశం. అయితే ఇచ్చటి యాత్రను క్యాలెండరులోని సెలవులను బట్టి కాక, నది స్థితిని బట్టి రూపొందించుకోవలసి ఉంటుందన్నది గత అనుభవాలు నేర్పిన పాఠం.

నగర సందర్శనకు ఒక పూర్తి రోజు కేటాయించవచ్చు. 1881లో తొలి వితంతు వివాహం జరిపించిన కందుకూరి వీరేశలింగం పంతులు గృహం, 28 ఏళ్ల ప్రాయంలోనే కన్నుమూసిన చిత్రకారుడు దామెర్ల రామారావు పేరిట నెలకొన్న చిత్రశాల, పుష్కర ఘాట్‌లో సాయంకాలపు గోదావరి హారతి ముఖ్య ఆకర్షణలు. 1900లో ప్రారంభమై 1997లో రైళ్ల రాకపోకల నుంచి విరమించిన హేవలాక్ వంతెన, 1974 నాటి రోడ్డు-రైలు వంతెన, ఆపై నిర్మించిన ఆర్చి వంతెన ఒకే నదిపై మూడు తరాల ఇంజనీరింగ్ ప్రతిభకు నిదర్శనాలు.

రెండవ రోజున ధవళేశ్వరం, కడియం దర్శించవచ్చు. సర్ ఆర్థర్ కాటన్ పర్యవేక్షణలో 1847లో ఆరంభమై 1852లో పూర్తయిన ఆనకట్ట డెల్టా రూపురేఖలను మార్చివేసింది. కాటన్ మ్యూజియం, కడియం నర్సరీలు ఆ జలసిరి కథను కళ్లకు కడతాయి.

మూడవ రోజుకు పర్యాటకులలో అధికులు కోరుకునేది పాపికొండల బోటు ప్రయాణం. అసలు జాగ్రత్త వహించవలసినది ఇచ్చటనే. 2019 సెప్టెంబరు 15న దేవీపట్నం మండలం కచ్చులూరు వద్ద పర్యాటక బోటు మునిగి నలభై మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. ఆనాటి ప్రవాహం సుమారు 5 లక్షల క్యూసెక్కులు. ధవళేశ్వరం వద్ద మొదటి ప్రమాద హెచ్చరిక 10 లక్షల క్యూసెక్కులకు, అంటే 11.75 అడుగుల నీటిమట్టానికి జారీ అవుతుంది. రెండవది 13.75 అడుగులకు, మూడవది 17.75 అడుగులకు. బ్యారేజి వద్ద హెచ్చరిక లేనంత మాత్రాన ఎగువన కొండల నడుమ ఇరుకైన మార్గంలో ప్రయాణం సురక్షితమని భావించరాదని ఈ అంకెలు తెలుపుతున్నాయి. గట్ల రక్షణకు, లంక గ్రామాల తరలింపునకు ఉద్దేశించిన కొలమానం బోట్ల అనుమతికి కొలమానం కాజాలదు.

ఆ దుర్ఘటన అనంతరం బోట్ల రాకపోకలను నిలిపివేసి, నియంత్రణ గదుల ఏర్పాటు వంటి చర్యలు చేపట్టడం జరిగింది. వీటి సాఫల్యం అధికారుల అప్రమత్తతతో పాటు యాత్రికుల వివేకంపైనా ఆధారపడి ఉంది. దూర ప్రాంతాల నుంచి వచ్చి, ముందుగా సొమ్ము చెల్లించి, మరునాడే తిరుగు ప్రయాణం పెట్టుకున్న కుటుంబం బోటు ఆగిందంటే సహజంగానే ఒత్తిడి తెస్తుంది. నిర్వాహకునికి ఆదాయ నష్టం. ఈ రెండు ఒత్తిళ్ల నడుమ నిబంధన సడలే ప్రమాదం ఉంది. కనుక నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు గల మాసాలను ఎంచుకోవడం, ప్రత్యామ్నాయ కార్యక్రమాన్ని సిద్ధంగా ఉంచుకోవడం, లైఫ్ జాకెట్ లేనిదే బోటు ఎక్కకపోవడం శ్రేయస్కరం. బోటు రద్దయినప్పుడు సొమ్ము వాపసుపై స్పష్టమైన నియమం ఉన్నట్లయితే ఒత్తిడి చాలావరకు తగ్గుతుంది.

జన సమ్మర్దం విషయంలోనూ ఇదే దూరదృష్టి అవసరం. 2015 జూలై 14న పుష్కరాల తొలిరోజు పుష్కర ఘాట్‌లో జరిగిన తొక్కిసలాటలో 27 మంది మృతి చెందారు. నదికి పొడవైన తీరం, అనేక ఘాట్లు ఉన్నప్పటికీ జనులు ఒకే ముహూర్తానికి, ఒకే ఘాట్‌కు చేరడమే అధిక సమ్మర్దానికి దారితీసింది. తదుపరి పుష్కరాలు 2027 సంవత్సరానివి. యాత్రికులను వివిధ ఘాట్లకు, వివిధ దినాలకు మళ్లించే సమాచారం ముందుగా ప్రజలకు చేరవలసి ఉంది.

పర్యాటక ప్రదేశాల వర్ణనతో పాటు ప్రవాహ వివరాలు, బోట్ల అనుమతి స్థితి, రద్దీ అంచనాలు ఎప్పటికప్పుడు ప్రచురించడంలో పత్రికల పాత్ర కీలకం. గోదావరి అందాన్ని చాటడమే గాక, ఆ నది ఎప్పుడు వలదంటుందో తెలియజెప్పడం కూడా పర్యాటక ప్రచారంలో అంతర్భాగం కావలసిన ఆవశ్యకత ఎంతైనా ఉంది.