సుగ్గికి పోయిన పిల్లకు ఫోనులో పాఠం అందేనా?

ఆదోని: దీపావళి దాటిందంటే మన జిల్లా పడమటి పల్లెలు సగం ఖాళీ అవుతాయి. కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు, మంత్రాలయం మండలాల నుంచి కుటుంబాలకు కుటుంబాలే మూటలు కట్టుకుని గుంటూరు వైపు మిరపకోతలకు, తెలంగాణ వైపు పత్తితీతకు తరలిపోతాయి. దీన్నే ఇక్కడ సుగ్గి అంటారు. ఇళ్ళలో ముసలివాళ్ళు, బడిలో ఖాళీ బల్లలు మిగులుతాయి. చాలామంది పిల్లలు తల్లిదండ్రుల వెంటే వెళ్ళిపోతారు.

ఇప్పుడు అందులో ఒక చిత్రమైన సంగతి చేరింది. పిల్ల బడిలో ఉండదు గానీ తరగతి వాట్సాప్ గ్రూపులో నంబరు ఉంటుంది. ఆ నంబరు నిజానికి తండ్రిది. పగలంతా మిరపచేలో ఆయన జేబులో ఉండే ఫోనుకు సాయంత్రం హోం వర్కు ఫొటో వచ్చి పడుతుంది. గుడారంలో కరెంటు లేక ఫోను చార్జింగుకే తిప్పలు పడుతుంటే హోం వర్కు చూసేదెవరు?

ఆన్‌లైన్ వచ్చి చదువు మారిపోయిందని సభల్లో చెబుతున్నారు. మారిన మాట నిజమే. ఎవరికి ఎంత మారిందన్నదే తేల్చుకోవలసిన విషయం.

సార్లకు మేలు

ముందు మారింది ఉపాధ్యాయుల పని. ఒకప్పుడు పదో తరగతి మాదిరి ప్రశ్నపత్రం కావాలంటే ఆదోనికో కర్నూలుకో వెళ్ళి గైడు కొనవలసి వచ్చేది. జీవో కాపీ కోసం మండల విద్యాశాఖ కార్యాలయం చుట్టూ తిరగాలి, లేదంటే సంఘం నాయకుణ్ణి పట్టుకోవాలి. తర్వాత కొందరు ఉపాధ్యాయులే సొంతంగా బ్లాగులు తెరిచి జీవోలు, బిట్ బ్యాంకులు, పాఠ్య ప్రణాళికలు ఉచితంగా పెట్టడం మొదలుపెట్టారు. శ్రీకాకుళంలో ఒక లెక్కల సారు తయారుచేసిన అభ్యాసం సాయంత్రానికి కోసిగిలో బోర్డు మీదికి ఎక్కుతోంది. ఏకోపాధ్యాయ పాఠశాలలో ఒంటరిగా నెట్టుకొస్తున్న వారికి సందేహం అడిగేందుకు నలుగురు తోటివారు దొరకడం చిన్న విషయం కాదు.

అయితే అదే గ్రూపులో రాత్రి పది గంటలకు ‘రేపు ఉదయంలోగా వివరాలు పంపాలి’ అనే ఆదేశం కూడా వస్తుంది. ఒకరు కష్టపడి రాసిన పాఠ్య ప్రణాళికను వందమంది దించుకుంటున్నారు. పైన ఉన్న బడి పేరు కూడా మార్చకుండా దించిన ప్రతిని ఈ విలేఖరి కళ్ళారా చూడటం జరిగింది.

పిల్లలకు చూడటమే పని

2020 మార్చిలో కరోనాతో బడులు మూతపడినప్పుడు రాష్ట్రంలో పిల్లల్ని మూడు వర్గాలు చేశారు. ఇంట్లో స్మార్ట్‌ఫోను, నెట్ ఉంటే హైటెక్. టీవీ, రేడియో మాత్రమే ఉంటే లోటెక్. ఏదీ లేకుంటే నోటెక్. 9, 10 తరగతులకు ఆ ఏడాది నవంబరు 2న తలుపులు తెరిచేదాకా దూరదర్శన్ సప్తగిరి పాఠాలు, ఫోను పాఠాలతోనే కాలం గడిచింది. తర్వాత 2022 డిసెంబరు 21 నుంచి 8వ తరగతి విద్యార్థులకు, వారి ఉపాధ్యాయులకు కలిపి 5 లక్షలకు పైగా ట్యాబ్‌లు పంచారు. పాఠాలు ముందే నింపి ఇచ్చారు కనుక అవి నెట్ లేకున్నా నడిచాయి. కేంద్రం 2017లో తెచ్చిన దీక్ష వేదిక పాఠాలు పుస్తకంలోని క్యూఆర్ కోడ్‌తో తెరుచుకుంటున్నాయి.

ఇవన్నీ పనికొచ్చేవే. కానీ అన్నిటిలోనూ పిల్ల చేసేది ఒకటే, చూడటం. ఎవరో చెబుతారు, పిల్ల వింటుంది. తను రాసింది ఇంకొకరు చదివే ఏర్పాటు ఎక్కడుంది? దేశవ్యాప్తంగా పల్లెల్లో జరిపిన అసర్ 2024 సర్వేలో, స్మార్ట్‌ఫోను వాడటం తెలిసిన 14-16 ఏళ్ళ పిల్లల్లో 57 శాతం మంది అంతకుముందు వారంలో చదువుకు సంబంధించిన పనికి వాడామన్నారు. సామాజిక మాధ్యమాలకు వాడామన్నవారు 76 శాతం. ఫోను అందితే చదువు దానంతటదే వస్తుందనుకోవడం పొరపాటని ఈ లెక్కే చెబుతోంది.

గోడపత్రిక గుర్తుందా?

బ్లాగు అనగానే కొత్త వింతగా చూడనక్కరలేదు. మన ఉన్నత పాఠశాలల్లో గోడపత్రిక ఉండేది, లిఖిత పత్రిక ఉండేది. చేతిరాత బాగున్న పిల్లవాడు ఎడిటర్. కథ అచ్చుతప్పులతో గోడకెక్కితే నలుగురూ నవ్వుతారన్న భయంతో మూడుసార్లు దిద్దుకునేవాళ్ళం. సారు ఎర్రసిరాతో పెట్టే మార్కుకు అంత జాగ్రత్త పడలేదు. చదివేవాడు ఒకడున్నాడని తెలిస్తే రాసేవాడి బుద్ధి మారుతుంది. బ్లాగు చేయగలిగిన మేలు కూడా ఇదే. గోడ మాత్రం పెద్దది.

ఎంత పెద్దదో 2012లో స్కాట్లండ్‌లో తెలిసివచ్చింది. మార్తా పేన్ అనే తొమ్మిదేళ్ళ బాలిక తన బడిలో పెట్టే మధ్యాహ్న భోజనాన్ని ఫొటో తీసి, ఎన్ని ముద్దలు వచ్చిందో, రుచి ఎలా ఉందో రోజూ బ్లాగులో రాసింది. స్థానిక కౌన్సిల్ వారు ఆ జూన్ నెలలో ఫొటోలు తీయవద్దని నిషేధించారు. దేశమంతా గగ్గోలు లేచింది. మర్నాడే నిషేధం ఎత్తివేశారు. ఆ పిల్ల బ్లాగు ద్వారా వచ్చిన విరాళాలతో ఆఫ్రికాలోని మలావీ దేశంలో ఒక బడికి వంటశాల కట్టించారు. ముద్దలు లెక్కపెట్టడం ఆమెకు లెక్కల పాఠం, రుచి చెప్పడం భాషా పాఠం, మిగతాది పౌరశాస్త్రం. మన బడుల్లోనూ అన్నం పళ్ళేలకు ఫొటోలు తీశారు గానీ ఆ పని ఉపాధ్యాయులది, ఆ ఫొటోలు పోయేది యాప్‌లోకి. పిల్లల్ని అడిగి రాయించిందెవరు?

అంత దూరం పోకుండా ఇక్కడే చేయదగిన పని ఒకటుంది. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. అందులో మన పల్లెలకు పేరుపేరునా పేజీలున్నాయి. అయితే చాలావాటిలో 2011 జనాభా లెక్కలకు మించి పెద్దగా ఏమీ ఉండదు. చెరువు ఎప్పటిదో, జాతర ఏ నెలలో జరుగుతుందో, పాత శాసనం ఎక్కడుందో తొమ్మిదో తరగతి పిల్లలు నలుగురు కలిసి సేకరించి రాయవచ్చు. ఆధారం చూపకపోతే అక్కడివాళ్ళు తీసేస్తారు. తాత చెప్పిన మాటకూ పుస్తకంలో ఉన్న మాటకూ తేడా ఏమిటో పిల్లలకు అక్కడే అర్థమవుతుంది. పైగా తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టే అలవాటున్న పిల్లలకు తెలుగు అక్షరాల్లో కొట్టడం వస్తుంది.

జాగ్రత్తలు లేకపోలేదు. పిల్లల ముఖాలు, పేర్లు, ఊళ్ళు గ్రూపుల్లో విచ్చలవిడిగా తిరగడం మంచిది కాదు. 18 ఏళ్ళలోపు వారి వివరాలు వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలని 2023లో పార్లమెంటు చేసిన చట్టంలో రాశారు. బడుల్లో ఈ ఊసే వినిపించదు.

రెండు బడుల మధ్య ఒక పట్టిక

మళ్ళీ సుగ్గి దగ్గరికి వద్దాం. వలస కుటుంబాల పిల్లలను చేర్చుకునే బాధ్యత స్థానిక సంస్థలదని 2009 విద్యాహక్కు చట్టం చెబుతోంది. టీసీ లేదన్న కారణంతో గాని, ఏడాది మధ్యలో వచ్చారన్న కారణంతో గాని కాదనడానికి వీల్లేదు. అయినా గుంటూరు వైపు మిరపచేను పక్కనున్న బడి హెడ్మాస్టరుకు తన ఊరికి ఏ పిల్ల వచ్చిందో తెలియదు. ఇక్కడి హెడ్మాస్టరుకు తన పిల్ల ఏ ఊళ్ళో దిగిందో తెలియదు. ఇద్దరి జేబుల్లోనూ స్మార్ట్‌ఫోన్లున్నాయి!

దీనికి కొత్త యాప్ అక్కరలేదు. ఇద్దరూ తెరిచి రాయగలిగే ఒక గూగుల్ పట్టిక చాలు. పిల్ల పేరు, తరగతి, ఏ పాఠం దాకా వచ్చింది, తండ్రి ఏ ఊరి చేలో పనికి కుదిరాడు, మేస్త్రీ నంబరు. అంతే. అక్కడ చేరగానే అక్కడి సారు ఒక గడి నింపుతారు, ఉగాదికి తిరిగి రాగానే ఇక్కడి సారు మరో గడి నింపుతారు. అయితే ఆ పట్టిక అందరికీ తెరిచి పెట్టకూడదు.

పిల్లను ఊళ్ళోనే ఉంచితే మరీ మంచిది. అందుకే సీజనల్ హాస్టళ్ళు ఉన్నాయి. సుగ్గి బండి కదిలాక అవి తెరుచుకుంటే లాభం లేదన్నది ఏటా వినిపించే ఫిర్యాదే. వెళ్ళక తప్పనివారి విషయంలో మాత్రం, బండి ఎక్కే ముందే నంబరు, చేరబోయే ఊరు రాసుకోవలసి ఉంది. మేస్త్రీలు అడ్వాన్సులు దసరాకు ముందే ఇస్తారు కనుక ఏ ఇల్లు కదులుతుందో ఊళ్ళో అందరికీ అప్పటికే తెలిసి ఉంటుంది.