అంకెల చేవ్రాలు - రాజీపత్రము

జగిత్యాల, నిర్మల ప్రాంతముల పల్లెలనుండి దుబాయి, మస్కటులకు పోయి పొట్ట పోసికొనువారు వేలకు వేలు. ఇంటికడ అన్నదమ్ముల పంపకము తగవుపడినచో, రాజీపత్రముపై చేవ్రాలు చేయుటకు వారు సెలవు దొరకువరకు వేచియుండవలసి వచ్చెడిది. నేడు ఫోనునకు వచ్చిన ఆరంకెలు తెరపై కొట్టినచో ఆధారు మూలమున చేవ్రాలు పడుచున్నది. ఇట్టి రాజీ చెల్లునా యని మమ్ము అడుగువారు హెచ్చుచున్నారు.

చెల్లును, ఇందు సందేహము లేదు. 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టము 5వ సెక్షను ఎలక్ట్రానికు సంతకమునకు సిరా సంతకముతో సమానమగు స్థానము నిచ్చినది. 2008 సవరణచే చేరిన 10ఎ సెక్షను, ఎలక్ట్రానికు సాధనములతో కుదిరినదను కారణముచేతనే ఒడంబడిక చెల్లకపోదని తేల్చినది. స్థిరాస్తి విక్రయములకు మొదట నుండిన మినహాయింపును 2022లో తొలగించిరి. వీలునామాకు మాత్రము నేటికిని కాగితము, కలము కావలసినదే. రిజిస్ట్రేషను అవసరమైనచోట దానిని ఈ సంతకము తీర్చజాలదు.

కాని సంతకము చెల్లుట యొకటి, అది ఎవరిదన్నది వేరొకటి. మన పెద్దలు తెల్లకాగితములపై నిశానీ వేసి సాదా బైనామాలు వ్రాసియిచ్చిరి; ఆ కాగితముల తగవులు నేటికిని తెగలేదు. అయినను ఆ వ్రేలు మనిషితోకూడ వచ్చెడిది. ఈ అంకెలో, సిమ్ము ఎచట నున్నచో అచటికే పోవును. గల్ఫునకు పోవువాడు ఆధారుతో ముడిపడిన సిమ్మును ఇంట విడిచిపోవుట కద్దు. అది అన్న చేత నున్నచో తమ్ముని సంతకము అన్నయే చేయవచ్చును. మేమెరిగిన యొక పంపకములో, బావిక్రింది పొలము అన్న పాలికి పోయిన సంగతి తమ్మునికి సెలవుపై వచ్చిననాడుగాని తెలియలేదు.

ఇట్టిది సంతకమే కాదని చట్టము చెప్పుచున్నది. సంతకము చేయు సాధనము ఆ సమయమున సంతకందారుని అధీనమునందే యుండవలెను, అన్యుల అధీనమున నుండరాదని 3ఎ సెక్షను. అయితే రుజువు చేయుట ఎక్కడ? రాజీ లోక్ అదాలతులో అవార్డుగా మారినచో 1987 చట్టము 21వ సెక్షను ప్రకారము అది డిక్రీయే, అప్పీలు లేదు. మోసము జరిగినదన్నను మామూలు దావా కుదరదనియు, హైకోర్టులో రిట్టే మార్గమనియు 2017లో భార్గవీ కన్‌స్ట్రక్షన్స్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు తీర్మానించినది. మస్కటులో ఇటుకలు మోయువాడు హైకోర్టు గడప ఎన్నడు త్రొక్కును?

కావున జాగ్రత్త ముందే వలయును. కరీంనగరు, ఆదిలాబాదు న్యాయసేవాధికార సంస్థలవారు దూరముననున్న కక్షిదారుని వీడియోలో పిలిచి, రాజీపత్రమును తెలుగున చదివి వినిపించి, "ఈ అంకెలు నీవే కొట్టితివా? ఆ ఫోను ఎవరివద్ద నున్నది?" అని అడిగి, జవాబును దస్త్రమున చేర్చిన పిమ్మటనే అవార్డు వ్రాయవలెను. ఇది పది నిమిషముల పని. తేలిన కేసుల లెక్క పెరుగవలెనను తొందరలో దీనిని విడువరాదు. మా వకీలు సోదరులును కక్షిదారు నొచ్చునని ఈ ప్రశ్న అడుగుటకు మొగమాటపడుచున్నారు. ఆ మొగమాటము మానవలెను. విమానమెక్కువారు సిమ్మును వెంట కొనిపోవలెను.