గూడు చూసి పేరు పెడితే

మొన్న మే నెలలో నాన్న ఫోన్ చేసి ఒక్క మాటే అన్నాడు: "ఒరేయ్, మనవన్నీ చిన్న రసాలు కాదురా."

ముసునూరులో మా చేలో ఆరేళ్ల కిందట చిన్న రసాలని చెప్పి ఇచ్చిన ముప్పై అంట్లు వేశాం. ఈ ఏడే కాపు గట్టిగా నిలబడింది. కాయ ఊరేకొద్దీ ముక్కు తేలి, పదకొండు చెట్లు కలెక్టర్ మామిడి అని బయటపడింది. జ్యూస్ ఫ్యాక్టరీకి పోయే కాయ, చిన్న రసం ధర ఎక్కడ పలుకుతుంది? "కొనేటప్పుడే చూసుకోవాల్సింది కదా నాన్నా" అన్నాను. "నాలుగాకుల మొక్కని చూసి ఏం చెప్తాం? కాపుకొస్తేనే కదా తెలిసేది" అన్నాడు.

నేను హైదరాబాద్‌లో కోడ్ రాసుకునేవాణ్ని. ఖాళీ దొరికితే జీవశాస్త్రం డేటాబేస్‌లు తిరగేయడం ఒక పిచ్చి. ఆ రోజు నేను చదువుతున్నదీ ఇదే గొడవ. కాకపోతే సముద్రంలో.

ఇంటర్ బైపీసీ వాళ్లకి పారమీషియం గుర్తుండే ఉంటుంది. ఒకే కణం, ఒంటి నిండా శైలికలు. దాని చుట్టాలే సీలియేట్లు. సముద్రంలో తిరిగే సీలియేట్లలో టింటినిడ్లు అని ఒక గుంపు ఉంది. ఇవి తమ చుట్టూ గూడు కట్టుకుంటాయి, దాన్ని లోరికా అంటారు. కొన్ని గంటల్లా, కొన్ని పూలకుండీల్లా, కొన్ని సన్నటి గొట్టాల్లా ఉంటాయి. చాలావాటి సైజు మన వెంట్రుక మందం అటూ ఇటూగా ఉంటుందంతే. నాచు కణాల్ని ఇవి తింటాయి, వీటిని చేపపిల్లలు తింటాయి. అంటే మన ప్లేట్లోకొచ్చే చేపకి వెనకాల ఈ గూళ్లున్నాయి.

లోపలి ప్రాణి మెత్తన, ముట్టుకుంటే ముడుచుకుపోతుంది. గూడు గట్టిది, ఫార్మలిన్‌లో వేసినా నిలుస్తుంది. అందుకే శాస్త్రవేత్తలు గూడు చూసే పేర్లు పెట్టారు. 1929లో అమెరికాలో కోఫాయిడ్, క్యాంప్‌బెల్ అనే ఇద్దరు తెచ్చిన పెద్ద పుస్తకంలో వందలకొద్దీ జాతులున్నాయి, దాదాపు అన్నీ గూడు ఆకారాన్ని బట్టే.

మన దగ్గరా ఈ పని జరిగింది. ఆంధ్ర విశ్వవిద్యాలయం జువాలజీ ఆచార్యులు పి.ఎన్. గణపతి, ఎం.వి.ఎన్. రావుతో కలిసి విశాఖ తీరంలోని సముద్ర సీలియేట్ల సర్వేని 1958లో ప్రచురించారు. డీఎన్ఏని అక్షరం అక్షరం చదివే పద్ధతులు 1970ల్లో గానీ రాలేదు. కాబట్టి వాళ్ల చేతిలో ఉన్నది మైక్రోస్కోపు, ఓపిక. కంటికి కనిపించిన రూపాన్ని బట్టే లెక్క.

తేడా ఎక్కడొచ్చింది? 1977లో ఫ్రాన్స్ శాస్త్రవేత్త లావల్-పెటో ఒక వింత చూపించారు. ఫవెల్లా అనే టింటినిడ్ గూడు వదిలేసి బయటికొచ్చి, మళ్లీ కొత్త గూడు కట్టుకుంది. ఆ కొత్త గూడు చూస్తే అచ్చం కాక్స్‌లియెల్లా! అది అప్పటిదాకా పుస్తకాల్లో వేరే ప్రజాతి. ఇల్లు మారిందని మనిషికి రెండో ఆధార్ ఇచ్చినట్టయింది.

తర్వాత డీఎన్ఏ వచ్చింది. అంటార్కిటికాలో సిమటోసైలిస్ అనే ప్రజాతిలో వేరువేరు పేర్లున్న కొన్ని గూళ్లలోని ప్రాణుల రైబోసోమ్ జన్యువులు చదివితే అక్షరం తేడా లేదని 2013లో తేలింది. మనం కలెక్టర్ అనేదాన్నే బయటివాళ్లు తోతాపురి అంటారే, అలాగన్నమాట: కాయ ఒకటే, పేర్లు రెండు.

దీనికి రివర్స్ కూడా ఉంది, అసలు నష్టం అక్కడే. ఫవెల్లా అని ల్యాబుల్లో ఏళ్ల తరబడి పెంచి, ఎంత తింటుంది, ఎంత వేగంగా పెరుగుతుంది అని లెక్కలు కట్టారు. ఎర్ర కెరటాలు తెచ్చే విషపు నాచుల్ని కూడా ఇది తింటుంది కాబట్టి ఆ లెక్కలకి విలువుంది. తీరా గూడు గోడని దగ్గరగా చూసి, జన్యువులూ పోల్చాక, వాటిలో చాలావరకు ఫవెల్లా కాదని తేలింది. 2012లో ష్మిడింగెరెల్లా అని కొత్త ప్రజాతి పెట్టాల్సొచ్చింది. ప్రయోగం కరెక్టే, లేబులే తప్పు. మా పదకొండు చెట్లలాగే.

2022లో మా ముసునూరుని కృష్ణా జిల్లా నుంచి తీసి ఏలూరు జిల్లాలో కలిపినప్పుడు ఊరు అంగుళం కదల్లేదు, అడ్రసే మారింది. అది కాగితం మార్పు. ష్మిడింగెరెల్లాది అలాంటిది కాదు. పేరు మారడంతో పాత లెక్కలన్నీ ఏ ప్రాణివో మళ్లీ చూసుకోవాల్సొచ్చింది.

అయితే ఆకారం మానేసి డీఎన్ఏ ఒక్కటే చూస్తే పోలా? నా బుర్రకి మొదట తట్టిందీ అదే. కానీ అదీ కుదరదు. సీలియేట్లకి రెండు రకాల కేంద్రకాలుంటాయి. పెద్దదాంట్లో రైబోసోమ్ జన్యువుకి వేలకొద్దీ కాపీలు ఉంటాయి. బకెట్ సముద్రపు నీళ్లు తెచ్చి మొత్తం డీఎన్ఏ చదివితే, ఎన్ని కాపీలు కనిపిస్తే అన్ని ప్రాణులున్నాయని అనుకోలేం. లాగ్ ఫైల్లో లక్ష లైన్లుంటే లక్షమంది యూజర్లున్నట్టా? పైగా డేటాబేస్‌లో ఆ డీఎన్ఏ పక్కన ఎవరో తప్పు పేరు ఎక్కించి ఉంటే, కంప్యూటర్ ఆ తప్పునే మనకి నమ్మకంగా చెప్తుంది.

దారి ఏంటంటే, రెండూ ఒకే ప్రాణి నుంచి తీసుకోవాలి. ఒక్క టింటినిడ్‌ని సన్న గొట్టంతో పట్టి, ఫొటో తీసి, గూడు కొలిచి, అదే కణం నుంచి డీఎన్ఏ తీస్తారు. ఇందాక తలనొప్పి అనుకున్న ఆ వేల కాపీలే ఇక్కడ కలిసొస్తాయి, ఒక్క కణంలోనే చదవడానికి సరిపడా జన్యువు దొరుకుతుంది. వెండి రంగు పట్టించి శైలికల వరసల్నీ చూస్తారు, దానికి అదే చోట దొరికిన ఇంకో కణం కావాలి. అప్పుడు ఈ పేరు, ఈ రూపం, ఈ జన్యువు ఒకదానివే అని చెప్పగలం.

1958 నాటి విశాఖ పట్టిక వృథా అనను. అప్పుడు ఆ తీరంలో ఏ రూపాలున్నాయో చెప్పే సాక్ష్యం అది. కాకపోతే ఆ పేర్లలో ఏది నిలుస్తుందో తెలియాలంటే అదే నీళ్లలోకి మళ్లీ వల వేయాలి.

ఇంతా నాన్నకి ఫోన్లో చెప్పాను. సగం విన్నాడు. "సరేలే, ఆ పదకొండు చెట్లూ మోడు కొట్టి, చిగురొచ్చాక మళ్లీ అంటు కట్టిస్తా. పుల్లలు మాత్రం బయటివి వద్దు. మన బావి కాడి చెట్టువి కోస్తా. దాని కాయ నేను తిన్నా" అన్నాడు.

కాయ రుచి చూసిన చెట్టు నుంచే పుల్ల. నేను పావుగంట చెప్పింది కూడా అదే.