ఫైలులో వ్రాయని మాట

పంజగుట్ట నుండి ఖైరతాబాదు వైపు పోవు మెట్రో రైలు ఎర్రమంజిల్ స్టేషనులో ఆగినపుడు దిగువారిలో అధికులు కచేరీలకు, ఆసుపత్రులకు, బట్టల దుకాణములకు పోవువారే గాని, ఆ స్టేషనునకు పేరిచ్చిన మేడ యెక్కడ నున్నదో కన్నెత్తి చూచువారు అరుదు. నవాబు ఫక్రుల్ ముల్క్ ఈ మిట్టపై నూటయేబది గదులతో ఐరోపా పద్ధతిని కట్టించిన ఆ సౌధమునకు స్వర్గోద్యానమను అర్థమున ‘ఇరమ్’ అని పేరు పెట్టెననియు, మిట్టను తెలుగువారు ఎర్రగడ్డ యని పిలుచుచుండుటచే ఆ రెండు పలుకులును కలిసిపోయి ఎర్రమంజిల్ అయ్యెననియు చెప్పుదురు. కథ నిజమైనను కాకున్నను అందముగానే యున్నది. నవాబుల చేతినుండి సర్కారు చేతికి వచ్చిన పిమ్మట ఆ మేడ మొదట దస్త్రములు దాచు కొట్టుగాను, తరువాత నీటిపారుదల, రహదారులు భవనముల శాఖల ముఖ్య ఇంజనీర్ల కార్యాలయముగాను పనికివచ్చినది. విందులు జరిగిన హాళ్లలో ఫైళ్ల కట్టలు పేరుకొనినవి.

2019 జూన్ 18న రాష్ట్ర మంత్రివర్గము ఆ మేడను కూల్చి ఆ తావున క్రొత్త శాసనసభా భవనము నిర్మింపవలెనని నిశ్చయించినది. తొమ్మిది దినములలో, జూన్ 27న, ముఖ్యమంత్రి చంద్రశేఖరరావు గారు భూమిపూజయు కావించిరి. నగరవాసులు, వారసత్వ కట్టడముల యందు అభిమానము గలవారు, నవాబు వంశీయులు హైకోర్టు తలుపు తట్టిరి. సెప్టెంబరు 16న ప్రధాన న్యాయమూర్తి రాఘవేంద్రసింగ్ చౌహాన్ గారి ధర్మాసనము, సంబంధించిన చట్టములను, నగరాభివృద్ధి ప్రణాళికను లెక్కింపక చేసిన నిర్ణయమిది యని మంత్రివర్గ తీర్మానమును కొట్టివేసినది. ఆ జూన్ 27ననే భూమిపూజ జరిగిన క్రొత్త సచివాలయమునకు మాత్రము న్యాయస్థానముల అడ్డు నిలువలేదు. పాత భవనములు 2020లో నేలమట్టమైనవి, క్రొత్తది 2023లో తెరవబడినది. గెలుపోటములు రెండును ఈ నగరముననే యున్నవి.

ఇందులో అవినీతి యేమున్నదని చదువరి అడుగవచ్చును. నిజమే, ఆ కోర్టు ముందున్న ప్రశ్న లంచమును గూర్చినది కాదు, నేనును ఆ వ్యవహారమున ఎవరిపైనను లంచపు నింద మోపుట లేదు. నేను చెప్పదలచినది వేరు. లంచము మొలచు నేల యేది? బల్ల క్రింద చాచిన చేయి కాదు. అది మొలక మాత్రమే. ఏల యిట్లు చేసితివని అడుగువాడు లేని చోట, అడిగినను చెప్పనక్కరలేని చోట, చెప్పినను వ్రాసి యుంచనక్కరలేని చోట అది వేరు తన్నును. ఎర్రమంజిల్ వ్యాజ్యమున పౌరులు మంత్రివర్గమునే ‘మీ కారణము, మీ విధానము కాగితముపై చూపుడు’ అని నిలదీసిరి. అవినీతిపై జరిగిన ప్రతి సఫలప్రయత్నమునకును మూలము ఈ యడుగుటయే యని నా అభిప్రాయము. అందుచే కట్టడమును కాపాడిన ఆ తీర్పును లంచములపై పోరాటపు చరిత్రలోనే చేర్చి చదువుచున్నాను.

మనకు అలవాటైన పోరాటము వేరు. వారమునకు రెండు మూడు మార్లైనను పత్రికలలో అగుపించు వార్తయే: ఫలానా కచేరీలో ఫలానా ఉద్యోగి పట్టాదారు పాసుపుస్తకమునకో, ఇంటి ప్లానుకో మామూళ్లు పుచ్చుకొనుచు ఏసీబీ వలకు చిక్కెనని. 1961 నుండి ఆ సంస్థ యున్నది, 1988 నుండి నేటి అవినీతి నిరోధక చట్టమున్నది, ఫిర్యాదుకు 1064 అను నంబరున్నది. నోట్లకు ఫినాఫ్తలీన్ పొడి పూయుదురు. పట్టుబడిన వాని వ్రేళ్లను సోడా నీటిలో ముంచగా నీరు గులాబి రంగునకు తిరుగును. రసాయనశాస్త్రము ఇంత చక్కగా న్యాయమునకు సేవచేయు సందర్భము మరియొకటి అరుదు. ఫిర్యాదుదారుడు మరణించినను, మాట మార్చినను, ఇతర సాక్ష్యముతో నేరము నిరూపింపవచ్చునని 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనము చెప్పుటతో ఆ వల మరికొంత బిగిసినది.

అయినను ఆ వల యే చేపలకు అల్లబడినదో గమనింపవలెను. 2018లో చట్టమునకు చేర్చిన 17ఎ సెక్షను ప్రకారము, ప్రభుత్వోద్యోగి తన విధినిర్వహణలో చేసిన సిఫారసును గాని, నిర్ణయమును గాని గూర్చిన నేరముపై దర్యాప్తు చేయవలెనన్న పోలీసులు ముందుగా పైవారి అనుమతి పొందవలెను. లంచము పుచ్చుకొనుచు అక్కడికక్కడ పట్టుబడిన వాని విషయమున మాత్రము ఆ అనుమతి అక్కరలేదు. నిజాయితీపరుడైన అధికారి భయము లేక నిర్ణయము చేయుటకే ఈ కవచమని దానిని సమర్థించువారి వాదము. ఆ వాదమును నేను తేలికగా త్రోసివేయను; భయముతో సంతకమే పెట్టని అధికారి వలన జరుగు నష్టము తక్కువది కాదు. అయినను నీరు గులాబి రంగునకు తిరుగుటకు నోటు కావలెను. కోట్ల విలువ గల నిర్ణయమునకు చేతిలో నోటు ఉండదు, అచ్చట ఉండునది ఫైలు మాత్రమే. ఆ ఫైలునకే కవచము తొడిగినచో చిన్నవాని వ్రేళ్లు తప్ప మరి యేమి తడియును?

ఫైలు తెరువవలెనన్న ఉద్యమమునకు ఈ పేటతో పాత చుట్టరికము కలదు. పంజగుట్ట ద్వారకాపురి కాలనీలోని నిర్మల్ టవర్స్‌లో లోక్‌సత్తా కార్యాలయము చాలకాలముండెను. 1996లో ఐఏఎస్ ఉద్యోగము వదలి జయప్రకాశ్ నారాయణ గారు ప్రారంభించిన ఆ ఉద్యమము తరువాత పార్టీగా మారి పొందిన ఫలితములను గూర్చి నాకు గొప్ప అభిప్రాయము లేదు. ఉద్యమముగా నున్ననాడు మాత్రము దేశమునకు చేసిన మేలు మరువరానిది. అభ్యర్థులు తమ నేరచరిత్రను, ఆస్తులను, అప్పులను, చదువును ఓటర్లకు తెలుపవలెనని 2002 మే 2న సుప్రీంకోర్టు చెప్పగా, అన్నిటికిని కలహించు పార్టీలు దానిని అడ్డగించుటకు మాత్రము ఏకమై చట్టమునే సవరించినవి. ఆ సవరణను సవాలు చేసినవారిలో పౌరహక్కుల సంఘముతో బాటు లోక్‌సత్తాయు ఉన్నది. 2003 మార్చి 13న కోర్టు ఆ సవరణను చెల్లదనెను. నేడు ప్రతి యెన్నికకు ముందు నాయకుల ఆస్తులను గూర్చి టీ కొట్టు వద్ద మనవారు వేళాకోళముగా ముచ్చటించుకొనుచున్నారన్న, ఆ అఫిడవిట్టు వెనుక అంత వ్యాజ్యము జరిగినది. దానివలన సంపన్నులు పోటీ మానలేదు, నేరారోపితులు తగ్గలేదు. కాని ఐదేండ్లకొకమారు ఆస్తి యెంత పెరిగెనో అడుగుటకు ఒక కాగితము చేతికి వచ్చినది.

కాగితము చేతికి వచ్చుట ఒకటి, దానిని నలుగురిలో చదువుట మరియొకటి. ఈ రెండవదానిని నేర్పినవారు పట్టణవాసులు కారు. ఉపాధి హామీ పనులపై ఉమ్మడి ఆంధ్రప్రదేశములో 2006 నుండి సామాజిక తనిఖీలు మొదలైనవి. 2009లో వాటికై ప్రత్యేక సంస్థయే యేర్పడినది, 2012లో చట్టమును వచ్చినది. తనిఖీకి వచ్చిన యువకులు ఇల్లిల్లు తిరిగి జాబ్ కార్డులు చూచి, మండలకేంద్రమున ప్రజావేదికలో మస్టరు రోలు పైకి చదువుదురు. పేరు పేరున చదువుచుండగా, కాటికి పోయిన తాత ఆ వేసవిలో చెరువు పూడిక తీసినట్లును, బెంగుళూరిలో నున్న కుమారుడు అదే వారమున కందకము త్రవ్వినట్లును తేలును. ‘దొంగ మస్టర్లు’ అన్న మాటను కూలీలు దినమును పలుకుదురు. అది అధికారి యెదుట, మైకులో, ఊరివారి సాక్షిగా పలుకబడిననాడు దాని బరువే వేరు. పట్టుబడిన సొమ్ములో తిరిగి రాబట్టినది స్వల్పమే యనుటయు నిజము. ఆ స్వల్పమును చూపి తనిఖీలు వ్యర్థమనువారితో నేను ఏకీభవింపను. మోసగాడు మరునాటి నుండి ఊరిలో నడువవలసిన నడక ఏ ఖాతాలోను ఎక్కదు.

ప్రభుత్వములకు ఈ సంగతి మనకంటె బాగుగా తెలియును. అందుచేతనే సమాచార హక్కును రద్దుచేయుమని ఏ ముఖ్యమంత్రియు అనడు; కుర్చీని ఖాళీగా ఉంచును, అంతే. తెలంగాణ సమాచార కమిషనులో 2023 ఫిబ్రవరి నుండి 2025 మే వరకు కమిషనర్లు లేరు. ముప్పది దినములలో జవాబు రావలెనను చట్టము చక్కగా అమలులో నుండెను. జవాబు రానిచో వినువాడు లేకుండెను, అప్పీళ్లు వేలకొలదిగా పేరుకొనుచుండెను. పాలక పార్టీ మారినను కొంతకాలము కుర్చీ నిండలేదు గనుక ఈ దోషమును ఒక్కరి తలపై పెట్టుటకు వీలులేదు.

ఇంకను మొరటు పద్ధతులు విదేశములందు కలవు. మన హైకోర్టు ఎర్రమంజిల్ తీర్పు చెప్పిన మరునాడే, 2019 సెప్టెంబరు 17న, ఇండొనేషియా పార్లమెంటు అవినీతి నిర్మూలన కమిషను కోరలు తీయు సవరణను ఆమోదించినది. మంత్రులను, పార్లమెంటు సభ్యులను జైలుకు పంపిన కీర్తి ఆ కమిషనుది. ఆ నెల 3వ తేదీననే గ్వాటెమాలాలో, 2015లో దేశాధ్యక్షుని రాజీనామాకు దారితీసిన దర్యాప్తు జరిపిన ఐక్యరాజ్యసమితి అండగల సంఘమునకు ప్రభుత్వము గడువు పొడిగింపక మూతవేసినది. పెద్దలను పట్టిన సంస్థకు ఆయుర్దాయము తక్కువ. ఒక్క సంస్థకు కత్తి యిచ్చి మనము నిద్రపోవుటకంటె, వేయిచోట్ల వేయిమంది చిన్న కాగితములు అడుగుచుండుటయే మేలని నేను తలచుట ఇందువలననే. వేయిమందిని ఒక్క సవరణతో మూయుట కష్టము.

ఎర్రమంజిల్ మేడకు అల్లంత దూరమున నీటిపారుదల శాఖ వారి జలసౌధ యున్నది. వేలకోట్ల సాగునీటి పనుల దస్త్రములు అచ్చటనే నడచును. 2023 అక్టోబరులో మేడిగడ్డ బరాజు పియర్లు కుంగిన పిమ్మట విచారణ కమిషను కూర్చున్నది. 2025లో ఆ శాఖ ఇంజనీర్లు కొందరు ఆదాయమునకు మించిన ఆస్తుల ఆరోపణపై అరెస్టయిరి. దోషులెవరో తేల్చవలసినది కోర్టులు. నాకు పట్టినది ఒక్కటే: బరాజు స్థలము మార్చినపుడు, అంచనా పెంచినపుడు, ఏ పుటలో ఎవరు ఏ కారణము వ్రాసిరి? ఆ పుట ముందుగనే ప్రజలకు దొరికియున్నచో పియరు కుంగువరకు వేచియుండవలసి వచ్చెడిదా?

ఎర్రమంజిల్ మేడను పడగొట్టరాదని కోర్టు చెప్పినది గాని, ఆ తీర్పుతో గోడలు గట్టిపడలేదు. పెచ్చులూడుచు, పిచ్చిమొక్కలు మొలచుచు అది నిలిచియున్నది. తీర్పు వచ్చిన తరువాత దాని మరమ్మతును గూర్చి ఏమి నిర్ణయించిరి, ఏ ఫైలులో, ఏ తేదీన, నిర్ణయింపకున్న ఏ కారణముచేత అని అడుగుచు ఈ వారము ఒక దరఖాస్తు వ్రాసితిని. రుసుము పది రూపాయలు.