సంచలనమా? స్పర్శా?

ఇంగ్లీషులో ‘సెన్సేషన్’ అనే మాట ఒక్కటే. అది మన ఇళ్లలోకి మాత్రం పలు దారుల్లో వస్తోంది. సినిమా పోస్టరు మీద ‘సెన్సేషనల్ హిట్’, పత్రికలో ‘సంచలన కథనం’, ఆస్పత్రిలో ‘సెన్సేషన్ ఉందా?’ అన్న డాక్టరుగారి ప్రశ్న. మొదటి రెండింటికీ అలవాటుపడిన చెవికి మూడోది అందదు.

ఉర్దూ ఈ రెంటినీ వేరువేరుగా ఉంచింది. భయంతోనో వింతతోనో ఒళ్లు జివ్వుమంటే ‘సన్‌సనీ’. గుండెలు అదిరే వార్తకూ అదే మాట. తెలుసుకోవడం, అనుభూతి చెందడం అయితే ‘ఎహ్‌సాస్’. మద్రసాలో పంచేంద్రియాలను ‘హవాస్-ఎ-ఖమ్సా’ అని నేర్పుతారు; ఎహ్‌సాస్, హవాస్ ఒకే అరబీ ధాతువు బిడ్డలు. దివ్య ఖుర్ఆన్ ఆల్ ఇమ్రాన్ సూరా 52వ వాక్యంలో హజ్రత్ ఈసా (అలైహిస్సలాం) తన జనుల తిరస్కారాన్ని పసిగట్టిన సందర్భంలోనూ ఆ ధాతువే కనిపిస్తుంది. ఇక తెలుగులో ‘సంచలనం’ అంటే నిజానికి కదలిక, కంపనం. దాన్ని వార్తలకు అంటగట్టింది పత్రికలవారే. తిమ్మిరి, చురుకు, జలదరింపు, గగుర్పాటు అని ఇన్ని మాటలున్న భాష అరువు మాట కోసం చేయి చాచడం ఏమిటో!

సన్‌సనీ పెరిగినచోట ఎహ్‌సాస్ నిలవదు. 2018 మే నెలలో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని ఫోన్లలో పుకార్లు పాకాయి. హైదరాబాదు పాతబస్తీలోని చాంద్రాయణగుట్టలో భిక్షాటనకు వచ్చిన ట్రాన్స్‌జెండర్ల మీద జనం విరుచుకుపడ్డారు. ఒకరు ప్రాణం కోల్పోయారు. అది రంజాన్ మాసం. ఆ రోజుల్లోనే జోగులాంబ గద్వాల జిల్లా ఎస్పీ రెమా రాజేశ్వరి తన పోలీసులను పల్లెపల్లెకూ పంపి, జానపద పాటలతో సహా ప్రచారం చేయించి, ఆ వార్తలు అబద్ధమని చెప్పించారు. వాట్సాప్ సంస్థ ఒక సందేశాన్ని ఒకేసారి ఐదుగురికి మించి పంపకుండా మన దేశంలో కట్టడి తెచ్చింది జులైలో. అప్పటికే జరగరానివి జరిగిపోయాయి.

వార్త తెచ్చినవాడు నమ్మదగనివాడైతే ముందు విచారించండి, లేకుంటే తెలియక ఎవరికో కీడు చేసి పశ్చాత్తాపపడవలసి వస్తుందని హుజురాత్ సూరా 6వ వాక్యం హెచ్చరిస్తోంది. ఆ విచారణకే ‘తబయ్యున్’ అని పేరు. విశ్వాసులంతా ఒకే దేహం వంటివారనీ, ఒక అవయవానికి బాధ కలిగితే దేహమంతా నిద్ర మాని జ్వరపడుతుందనీ దైవప్రవక్త (స) చెప్పిన హదీసు మనకు కంఠస్థమే. అయితే ఆ అవయవమే మొద్దుబారితే జ్వరం ఎక్కడినుంచి వస్తుంది?

ఈ ప్రశ్న వైద్యులకు కొత్త కాదు. నిడదవోలు జంక్షన్‌లో బండి మారి వెళ్లే నరసాపురంలోని బెతెస్దా కుష్ఠువ్యాధి ఆస్పత్రి పేరు మన ప్రాంతపు పెద్దలు విన్నదే. కుష్ఠువ్యాధిని గుర్తించే మొదటి పరీక్ష ఇదే: రోగిని కళ్లు మూసుకోమని, మచ్చ మీద దూదితో తాకి, ఎక్కడ తాకామో వేలితో చూపమంటారు. స్పర్శ లేని మచ్చ నొప్పి పుట్టదు, దురద పెట్టదు, అందుకే ఎవరూ పట్టించుకోరు. స్పర్శ పోయిన చేయి వేడి గిన్నెను పట్టుకుని కాలుతుంది. ఆ సంగతి చేతికి తెలియదు. 1981 నుంచి బహుళ ఔషధ చికిత్స వచ్చింది, వ్యాధి నయమవుతుంది. కానీ ఆలస్యమైతే పోయిన స్పర్శ తిరిగి రాకపోవచ్చు.

షుగరు వ్యాధిలోనూ ఇదే తంతు. పాదం మొద్దుబారితే ముల్లు గుచ్చుకున్నా, చెప్పు కరిచినా తెలియదు. పుండు ముదిరాకే కంటపడుతుంది, ఒక్కోసారి కాలే తీసివేయవలసి వస్తుంది. ఇంట్లో ఉర్దూ, బజారులో తెలుగు మాట్లాడే మన పెద్దలు ‘సెన్సేషన్ ఉందా?’ అంటే ఏం చెప్పాలో తోచక తల ఊపేయడం మేము చూశాం. డాక్టరుగారు అది ‘ఉంది’ అని రాసుకుంటారు. పెద్దలను ఆస్పత్రికి తీసుకువెళ్లే కొడుకులు, కోడళ్లు పక్కన నిలబడి, ‘పావ్ సున్ హోగయా క్యా అబ్బా?’ అని ఒక్క మాట అడిగితే చాలు, అసలు జవాబు వెంటనే వస్తుంది.