మైదానం అందరిదే, ఆ పిల్ల ముఖం కాదు

“గ్రౌండ్ అంటే పబ్లిక్ ప్లేసే కదా, ఎవరు తీసుకుంటే ఏమైంది?” పిల్లల పోటీల దగ్గర కెమెరాల గురించి నోరెత్తిన ప్రతిసారీ వచ్చే జవాబు ఇదే. పీఈటీ సార్లూ ఇదే అంటారు, నిర్వాహకులూ ఇదే అంటారు. దానికి తోడు ఇంకో మాట కలుపుతారు: వీడియో పెడితే పిల్లలకు ప్రోత్సాహం, రేపు ఏ అకాడమీ వాళ్ల కంటనో పడితే బతుకే మారిపోతుంది. ఈ రెండు మాటలూ తప్పని నా వాదన. మొదటిది సగం నిజం కాబట్టి మరింత ప్రమాదకరం.

అండర్-14 బాలికల కబడ్డీ ఆట జరుగుతుంటుంది. రైడ్‌కి వెళ్లిన పిల్ల బోనస్ లైన్ మీదికి కాలు చాపుతుంది. నలుగురు చుట్టుముట్టి మడమ పట్టి లాగుతారు. చొక్కా పైకి జరుగుతుంది, పిల్ల మట్టిలో పడుతుంది. ఆటలో అదంతా అర సెకను. లేచి, దులుపుకుని, తన జట్టులోకి వెళ్లిపోతుంది. చూసినవాళ్లు కూడా తర్వాతి రైడ్‌కల్లా మరిచిపోతారు. ఫోన్‌లోకి ఎక్కాక అదే అర సెకను స్లో మోషన్ అవుతుంది, దానికో సినిమా పాట అతుక్కుంటుంది, థంబ్‌నెయిలై నిలిచిపోతుంది. ఆ ఊరెక్కడుందో తెలియనివాళ్లు, ఆట ఒక్క నిమిషం కూడా చూడనివాళ్లు దాని కింద రాతలు మొదలుపెడతారు. గట్టు మీద కూర్చుని చూడడమూ ఇదీ ఒకటేననేవాళ్లు ఆ కామెంట్లు ఒక్కసారి చివరిదాకా చదవాలి. అబ్బాయిల సంగతీ తక్కువేం కాదు. తేలికైన క్యాచ్ వదిలేసి ఏడ్చిన పదేళ్ల పిల్లాడి పక్కన బ్రహ్మానందం ముఖం అతికించి నవ్వుకుంటే, మర్నాడు బడికి వెళ్లాల్సింది ఆ పిల్లాడే.

ఇది నా చాదస్తం కాదు. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో ఒలింపిక్ ప్రసార సంస్థ అధిపతి యానిస్ ఎక్సార్కోస్ ఒక విషయం బహిరంగంగా చెప్పారు. ఒకప్పటిలా క్రీడాకారిణుల శరీర భాగాల మీదికి కెమెరాలు దూసుకెళ్లే దృశ్యాలు ఇక కనిపించవన్నారు. 2024 పారిస్ క్రీడలప్పుడూ కెమెరామన్లకు అదే సంగతి గుర్తుచేశారు. టోక్యోలోనే జర్మనీ జిమ్నాస్ట్‌లు కాళ్లు పూర్తిగా కప్పే దుస్తుల్లో బరిలోకి దిగారు. ఆ క్రీడాకారిణులు ప్రపంచ స్థాయివారు. వాళ్లను చిత్రీకరించేది శిక్షణ పొందిన సిబ్బంది. అక్కడే అంత జాగ్రత్త కావాల్సి వచ్చినప్పుడు, మన మండల, జోనల్ పోటీల్లో పన్నెండేళ్ల పిల్ల చుట్టూ ఫోన్లు పట్టుకుని తిరిగేవాళ్లను “మీరెవరు బాబూ?” అని అడిగే నాథుడు ఎందుకుండడు?

ప్రోత్సాహం అంటున్నారు కాబట్టి, ఆ వీడియో తిరిగి ఇంటికి ఎలా చేరుతుందో చూద్దాం. ఊరి వాట్సాప్ గ్రూపులోకి వస్తుంది. మేనమామ చూస్తాడు, పక్కింటాయన చూస్తాడు. “ఆటలు చాల్లే, ఇక చదువుకో” అనే మాట ఆ రాత్రే పడుతుంది. వీడియో తీసినవాడికి ఈ సంగతి ఎన్నటికీ తెలియదు. నిక్కరు వేసుకుని కోర్టులోకి దిగడానికి ఇంట్లో ఎంత పోరాడి ఒప్పించిందో ఆ పిల్లకే తెలుసు. నెలల తరబడి సాధించుకున్న ఆ అనుమతిని పోగొట్టడానికి పదిహేను సెకన్ల రీల్ చాలు.

ఇంతకన్నా బరువైన సంగతి ఇంకొకటి ఉంది. కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాల్లో, గురుకులాల్లో తల్లీతండ్రీ లేనివాళ్లుంటారు, బడి మానేసి మళ్లీ చేరినవాళ్లుంటారు, చిన్న వయసు పెళ్లి తప్పించుకుని వచ్చినవాళ్లూ ఉండొచ్చు. 2015 నాటి బాల న్యాయ చట్టం, పెళ్లి ముప్పు పొంచి ఉన్న మైనరును రక్షణ అవసరమైన బిడ్డగానే గుర్తించింది. అలాంటి బిడ్డలకు సంబంధించిన విచారణల వార్తల్లో పేరు, చిరునామా, చివరికి బడి పేరు కూడా బయటపెట్టకూడదని దాని 74వ సెక్షన్ చెబుతుంది. బడి పేరు తెలిస్తే బిడ్డ ఆచూకీ తెలిసినట్టేనని చట్టానికి తెలుసు. మన లైవ్‌లో మాత్రం జెర్సీ మీద బడి పేరు, స్కోరుబోర్డు మీద ఊరి పేరు, మైకులో పిల్ల పేరు, తెర మీద ముఖం అన్నీ ఒకేసారి వినిపిస్తాయి, కనిపిస్తాయి. ఆ పిల్ల ఎవరి నుంచి దూరంగా ఉండాలో వాళ్లూ ఆ లైవ్ చూడొచ్చు.

అవకాశాల వాదానికి బలమైన ఉదాహరణ ఉంది, దాన్ని దాటవేయను. 2024 డిసెంబరులో రాజస్థాన్‌లోని ఓ గ్రామంలో బంతి విసురుతున్న చిన్న అమ్మాయి వీడియోను సచిన్ టెండూల్కర్ పంచుకుని, ఆమె శైలిలో జహీర్ ఖాన్ ఛాయలున్నాయన్నారు. దేశమంతా చూసింది. మంచిదే. కానీ ఆ ఒక్క వీడియోను చూపించి లక్షల మంది పిల్లల ముఖాలను అడగకుండా పంచేయడం ఏ లెక్కన న్యాయం? ప్రతిభను వెతకడానికి స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ (ఎస్‌జీఎఫ్) పోటీలున్నాయి, సెలక్టర్లున్నారు, క్రీడా పాఠశాలల ఎంపికలున్నాయి. వీడియో కావాలంటే కోచ్ నేరుగా పంపొచ్చు. జావెలిన్ విసిరే చేయి కోణం, లాంగ్ జంప్ రనప్ సరిదిద్దడానికి వీడియో కన్నా మంచి సాధనం లేదు. అది కోచ్ దగ్గర, బిడ్డ దగ్గర ఉంటే చాలు. యూట్యూబ్‌లో ఉండనక్కర్లేదు.

కెమెరాలన్నీ నిషేధించండనే వాదనతోనూ నేను ఏకీభవించను. కూతురి తొలి మెడల్‌ను నాన్న ఫోన్‌లో దాచుకోవద్దంటే అది క్రూరత్వం. పిల్లాడిని చెంపదెబ్బ కొట్టిన కోచ్‌ను పట్టించేది కూడా చాలాసార్లు ఎవరో తీసిన వీడియోనే. తీయడం ఒక పని, లోకానికి పంచడం మరో పని. మన గొడవంతా ఈ రెండింటినీ ఒకటే అనుకోవడంలో ఉంది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఈ తేడా గుర్తించింది. సొంత, ఇంటి అవసరాలకు వాడుకునే వ్యక్తిని వదిలేసింది. సంస్థలు పద్దెనిమిదేళ్లలోపు పిల్లల వివరాలు వాడుకోవాలంటే తల్లిదండ్రుల నుంచి నిర్ధారించుకోదగిన అనుమతి కావాలంది. నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. ప్రధాన బాధ్యతలకు మాత్రం 18 నెలల గడువిచ్చారు. ఆ గడువు చూసుకుని చేతులు ముడుచుకోవాల్సిన పని లేదు. బ్రిటన్‌లో పిల్లల క్రీడల రక్షణ చూసే సంస్థలు ఫొటో పక్కన పూర్తి పేరు వేయొద్దని, వృత్తి ఫొటోగ్రాఫర్లు ముందే నమోదు చేసుకోవాలని చాలాకాలంగా చెబుతున్నాయి. ఇందులో ఖర్చయ్యేదేమీ లేదు.

మన దగ్గరా మొదలుపెట్టాల్సిన చోటు ఎంట్రీ ఫారమే. అందులో ఇప్పటికే పుట్టిన తేదీ, హెడ్‌మాస్టర్ సంతకం, స్టడీ సర్టిఫికెట్ అడుగుతున్నారు. ఇంకో గడి చేర్చాలి: బిడ్డ ఫొటో పత్రికకు ఇవ్వొచ్చా, లైవ్‌లో చూపొచ్చా, సోషల్ మీడియాలో పెట్టొచ్చా అని విడివిడిగా, తల్లిదండ్రులనూ బిడ్డనూ అడిగి నింపాలి. చిత్రీకరించే ప్రతి బయటి మనిషి మెడలో నిర్వాహకుల కార్డుండాలి. లైవ్ కింద చాట్ మూసేయాలి. తీసేయమని ఇంట్లోవాళ్లు అడిగితే అదే రోజు తీసేయించే మనిషి పేరు, ఫోన్ నంబరు గ్రౌండ్ గేటు దగ్గర రాసి ఉండాలి. వద్దని రాసిన పిల్లను జట్టులోంచి తప్పించకూడదని కూడా ఆ ఫారం మీదే అచ్చు వేయాలి.